విడుదలకు ముందు జహ్రాకు పంపుడు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రవాసాంధ్ర సాధికారత, సంబంధాల శాఖామాత్యులవారి సముఖమునకు, ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ అధికారులకు, వారి ఆదేశముపై యాప్‌లు నిర్మించు యువ ఇంజనీర్లకు విన్నవించుకొనునది.

ఆర్యా,

కువైట్ నగరమునకు పడమటి దిక్కున సుమారు 32 కిలోమీటర్ల దూరమున, ఒకప్పుడు ఖర్జూరపు తోటలకును బావినీటి సేద్యమునకును పేరెన్నికగన్నదై, 1920 అక్టోబరులో ఎఱ్ఱకోట చుట్టును జరిగిన యుద్ధముచేత ఈ దేశచరిత్రలో స్థిరమైన స్థానము సంపాదించుకొన్న జహ్రా పట్టణమునుండి ఈ లేఖ వ్రాయుచున్నాను. ఈ పట్టణము పేరిట నున్న గవర్నరేటు దేశవైశాల్యములో సగమునకు మించి వ్యాపించి, ఉత్తరమున అబ్దలీ తోటలను, పడమట సాల్మీ మార్గమునందలి ఎడారిని, దక్షిణమున కబ్ద్ ప్రాంతపు గొఱ్ఱెల దొడ్లను, ఒంటెల శాలలను తనలో నిముడ్చుకొన్నది. ఆ తోటలలో, ఆ దొడ్లలో, పట్టణమునందలి పెద్ద పెద్ద అరబ్బు ఇండ్లలో, కడప, అన్నమయ్య, చిత్తూరు, ఉభయగోదావరి జిల్లాలనుండి వచ్చిన మనవారు వంటవారుగా, డ్రైవర్లుగా, తోటమాలులుగా, కాపరులుగా జీవించుచున్నారు. కువైట్ అనగానే సముద్రతీరపు అద్దాల మేడలు స్మరణకు వచ్చువారికి ఈ కువైట్ కానరాదు; కానరానందువలననే దీనిని గూర్చి తమకు వ్రాయవలసి వచ్చినది.

తమ శాఖ మా క్షేమమును గోరి పనిచేయుచున్నదను విశ్వాసముతోనే ఈ విన్నపము చేయుచున్నాను. 2025 జనవరి 30వ తేదీన మన రాష్ట్రప్రభుత్వము 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో ప్రారంభించినది, అంతకు కొలది నెలల ముందు, 2024 అక్టోబరులో, కేంద్ర విదేశాంగశాఖ ‘ఈ-మైగ్రేట్’ యొక్క నూతనరూపమును మొబైల్ యాప్‌తో సహా వెలువరించినది. బీమా, ఫిర్యాదు, పత్రముల ధ్రువీకరణము, ఆపదలో పిలుపు, తుదకు మృతదేహమును స్వగ్రామమునకు చేర్చుటకై పెట్టుకొను అర్జీ వఱకు సమస్తమును ఫోనులోనికి వచ్చుచున్న కాలమిది. రానున్న యేండ్లలో ప్రవాసులకై తాము మఱికొన్ని యాప్‌లు నిర్మింపక తప్పదు. నిర్మింపవలెననియే మా కోరికయు. అయితే, అట్టి ప్రతి యాప్‌ను వెలువరించుటకు పూర్వము దాని బీటా పరీక్షను విజయవాడ కార్యాలయములతోను, హైదరాబాదు మిత్రులతోను సరిపుచ్చక, ఇచట, జహ్రాలో, దానిని వాడవలసినవారిచేతనే జరిపింపుడని ప్రార్థించుచున్నాను.

యాప్ నిర్మాతలు తమలో తాము చేసికొను తొలిపరీక్షను ఆల్ఫా అనియు, బయటివారిలో కొందఱికి మాత్రమే ఇచ్చి వారి వాడుకలో దాని గుణదోషములను కనిపెట్టుటను బీటా అనియు వ్యవహరింతురు. ఈ రెండవ పరీక్ష ఎంత అవసరమో వ్యాపారసంస్థలు ఎఱుగును. గూగుల్ సంస్థ 2023 నవంబరు తరువాత తెఱచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక నియమము విధించినది: క్రొత్త యాప్‌ను ప్లే స్టోరులో అందఱికిని పెట్టుటకు ముందు 20 మంది పరీక్షకులు వరుసగా 14 దినములు దానిని ఉంచుకొని వాడవలెను, 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించినది. ఆపిల్ వారి టెస్ట్‌ఫ్లైట్‌లో ఒక యాప్‌కు 10,000 మంది వఱకు బయటి పరీక్షకులను చేర్చుకొనవచ్చును, ఒక్కొక్క ప్రతి 90 దినములు నడచును. ఇచట ఆలోచింపవలసిన విషయమొకటి యున్నది. గూగుల్ విధించిన ఆ నియమము వ్యక్తులకే గాని సంస్థల ఖాతాలకు లేదు. రాజంపేటలో నొక కళాశాల విద్యార్థి తన చిన్న యాప్‌ను వెలువరింపదలచినచో పన్నెండుగురిని వెదకి బ్రతిమాలుకొనవలెను. లక్షలమంది ప్రవాసుల బ్రదుకుతో ముడిపడిన ప్రభుత్వ యాప్‌కు ఒక్క పరీక్షకుడైనను ఉండితీరవలెనను నిర్బంధము లేదు. ఆ నిర్బంధమును తమకు తామే విధించుకొనవలెను.

నాకు మిక్కిలి భయము గొలుపునది ప్రారంభోత్సవపు ముహూర్తము. సభ ఎన్నడో, వేదిక ఎచటనో, పత్రికాప్రకటన ఏ దినమున వెలువడవలెనో ముందుగా నిశ్చయమై, పరీక్షకు మాత్రము మిగిలిన దినములే దక్కుట మన దేశమున తఱచుగా జరుగుచున్నది. ఇది మనకు మాత్రమే పట్టిన దోషము కాదు. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వము ఆరోగ్యబీమాకై తెఱచిన ‘హెల్త్‌కేర్ డాట్ గవ్’ను ముందే ప్రకటించిన తేదీకి ఎట్లైనను తెఱవవలెనను పట్టుదలతో తెఱచిరి, ఆద్యంతము కలిపి చేయు పరీక్ష చివరి రెండు వారములలోనే జరిగినదని దానిని నిర్మించిన కాంట్రాక్టరులు ఆ నెలలోనే కాంగ్రెసు ఎదుట సాక్ష్యమిచ్చిరి. కోట్లకొలది ప్రజలకొఱకు ఉద్దేశింపబడిన ఆ సదుపాయములో తొలిదినమున నమోదు పూర్తిచేసికొనగలిగినవారు ఆరుగురు. దీనికి భిన్నమైన కథ బ్రిటన్‌లో జరిగినది. 2020 మే నెలలో అచటి ఆరోగ్యశాఖవారు కోవిడ్ సోకినవారి సంపర్కములను కనిపెట్టు యాప్‌ను దేశమంతటను ఒక్కమాఱుగా వదలక వైట్ ద్వీపవాసులకు మాత్రము ఇచ్చి చూచిరి. ఆ యాప్ సమీపమునందలి ఆండ్రాయిడ్ ఫోన్లలో 75 శాతమును, ఐఫోన్లలో కేవలము 4 శాతమును గుర్తింపగలుగుచున్నదని తేలినది. జూన్ 18న ఆ నమూనాను విడిచిపెట్టి వేఱు మార్గము పట్టిరి. దానిని విఫలయత్నమనువారితో నేను ఏకీభవింపను. పరీక్ష తాను చేయవలసిన పనిని చేసినది. ఆ యాప్ యథాతథముగా దేశమంతటికిని చేరియున్నచో, రోగి ప్రక్కన కూర్చున్నవాడు తన ఫోను మౌనముగా నున్నదని నిశ్చింతుడై యుండెడివాడు.

ఇక జహ్రాకే వత్తము. మా యెడ యాప్ తప్పిపోవు తావులు విజయవాడలోని కార్యాలయమున కూర్చున్నవారి ఊహకు అందునవి కావు. అది వారి అసమర్థత కాదు, దూరము. కువైట్ ఫోను నంబరుకు ఎనిమిది అంకెలు. మన ఫారములు పది అంకెలు కోరును. మా సివిల్ ఐడీ, మనవారి వాడుకలో బతాకా, పండ్రెండు అంకెలు గలది. ఆధార్ సంఖ్యయు పండ్రెండు అంకెలదే. బతాకాలోని మొదటి అంకె జన్మశతాబ్దమును, తరువాతి ఆరు అంకెలు జన్మదినమును తెలుపును. గడచిన శతాబ్దమున పుట్టినవారందఱికిని అది రెండుతో మొదలగును. ఆధార్ సున్నతోను ఒకటితోను మొదలు కాదు గనుక, కేవలము అంకెల లెక్కను, మొదటి అంకెను మాత్రము చూచు ఫారము బతాకా సంఖ్యనే ఆధార్‌గా భ్రమించి స్వీకరింపవచ్చును. ఇంటిపేరు గడి మఱియొక చిక్కు. మనవారి పాస్‌పోర్టులలో అనేకములయందు ఆ గడి ఖాళీగా నుండును. ఒకే పేరు గల పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వచ్చువారిని 2022 నవంబరులో యూఏఈ అనుమతింపనందున ఎంతమంది విమానాశ్రయములలో చిక్కుకొనిరో పత్రికలలో చదివియే యున్నాము. ఇంటిపేరు నింపనిదే ముందుకు సాగని ఫారము, బతాకాపై పేరునకును పాస్‌పోర్టుపై పేరునకును ఒక్క అక్షరము భేదమున్నను త్రోసిపుచ్చు ఫారము, మాలో సగముమందికి మూసిన తలుపే.

ఓటీపీ సంగతి ఇంకను కఠినమైనది. ఆధార్‌తో ముడిపడిన నంబరు స్వదేశపు నంబరు. ఆ సిమ్ కార్డు కువైట్ వచ్చిన కొలదినాళ్ళకే పెట్టె అడుగున చేరును, లేదా ఇంటివద్ద కుమారుని ఫోనులో నుండును. తొంబది దినములు వాడుక లేక, నిలువ సొమ్మును లేనిచో ఆ నంబరు రద్దగును. పిదప అది మఱియొకరి చేతికి పోవచ్చును. అబ్దలీ తోటలో నీరు కట్టువాడు తన బీమా వివరము చూచుకొనవలెనన్న, ఆ గుప్తసంఖ్య వేలమైళ్ళ దూరమున నెవ్వరో అపరిచితుని ఫోనులో మ్రోగును. విజయవాడలో పరీక్షించు ఉద్యోగికి ఓటీపీ క్షణములో వచ్చును గనుక ఈ దోషము ఎన్నటికిని పట్టుపడదు.

కాలభేదమును గమనింపుడు. కువైట్ మన దేశమునకు రెండున్నర గంటలు వెనుక నున్నది. మన దేశమున జనులు నిద్రించువేళ యని అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు సర్వర్లకు మరమ్మతులు మొదలుపెట్టుదురు. అది ఇచట రాత్రి పదిన్నర, ఇంటిపని ముగించుకొని, పిల్లలను నిద్రపుచ్చి, ఒక పడతి తన గదిలో ఫోనును చేతికి తీసికొను ఏకైక సమయము. ఎండ మాట వేఱుగా చెప్పవలెను. 2016 జులై 21న ఈ గవర్నరేటులోని మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువపఱచినది. ఐఫోనును 35 డిగ్రీలకు లోపలి వాతావరణముననే వాడవలెనని దాని నిర్మాతలే చెప్పుచున్నారు. కబ్ద్ కాపరి చేతిలోనిదో, అంతకంటె ఎంతయో చౌకయైన ఫోను. జూన్ నుండి ఆగస్టు వఱకు పగలు పదకొండు మొదలు నాలుగు వఱకు ఆరుబయట పని చేయింపరాదను నిషేధము ఈ దేశమున కలదు గాని, జీవాలకు నీరు పెట్టుట ఎవరును మానలేరు. ఆ వేళ తెఱ మసకబాఱి, యాప్ నిలిచిపోయి, నింపిన వివరములన్నియు తుడిచిపెట్టుకొనిపోయినచో, ఇసుకదిబ్బ నెక్కి సిగ్నలు వెదకుకొన్నవాడు రెండవమాఱు ప్రయత్నింపడు.

ఈ విషయములను నేను దూరమునుండి ఊహించి వ్రాయుటలేదు. అన్నమయ్య జిల్లానుండి వచ్చి ఇచటి తైమాలో ఒక ఇంట పనిచేయునట్టి తల్లి యొకర్తె, ఒక శుక్రవారము, ఫోనులో ఒక అర్జీ నింపుచుండగా ప్రక్కన కూర్చుండి మాటాడక చూచితిని. ఆ ఫోను ఆ యింటి కుమారుడు వాడి విడిచినది. దాని భాష అరబ్బీగానే యున్నది, బాణపు గుర్తులన్నియు కుడినుండి ఎడమకు తిరిగియున్నవి. చూపు మందగించినందున ఆమె అక్షరములను పెద్దవి చేసికొన్నది. చేసికొనగానే తెలుగు అక్షరముల క్రింది ఒత్తులు బటన్ అంచున తెగిపోయి, ‘రద్దు’ అనునది ‘రదు’గా నిలిచినది. పంపవలసిన బటన్ కీబోర్డు చాటున మఱుగుపడినది. కనిపించుచున్నది ఒక్కటే బటన్ గనుక ఆమె దానినే నొక్కినది, నింపినదంతయు పోయినది. ఆమె నిట్టూర్పైనను విడువక మరల మొదలుపెట్టి, ఫోను నంబరుకు పది అంకెలు కావలెనని ఎఱ్ఱని గీత కనబడగా ముందు రెండు సున్నలు చేర్చినది. ఫారము ఒప్పుకొన్నది. గుప్తసంఖ్య రాలేదు. చాలసేపు తెఱవైపు చూచి, తుదకు ఫోనును బోర్లించి, “నాకు సదువు రాదు గదన్నా, అందుకే కాలేదేమో” అన్నది. యాప్ ఎట్లున్నదని నేనడుగగా, “బాగానే ఉందిలేన్నా, మనోళ్ళు చేసిందే గదా” అని సమాధానము.

తమ ఇంజనీర్లు ఈ సమాధానమును మనస్సున నుంచుకొనవలెను. మా జనులు వస్తువును నిందింపరు, తమ్మునే నిందించుకొందురు; ప్రభుత్వమువారు పంపిన దానిని ఎదుటనే తప్పుపట్టుట మర్యాద కాదనుకొందురు. ప్రశ్నావళి పంపి, నక్షత్రములు గీయుడని కోరినచో ఐదు నక్షత్రములు వచ్చును, దోషములు ఉన్నచోటనే యుండును. దీనికి మందు ఒక్కటే: నిర్మాతలలో ఎవరైన వచ్చి, చేతులు ముడుచుకొని, నోరు మెదపక, వాడువాని వ్రేళ్ళవంక చూచుచు కూర్చుండుట. ఎక్కువమంది అక్కఱలేదు. ఇట్టి పరీక్షలలో అనుభవజ్ఞుడైన జేకబ్ నీల్సన్, ఐదుగురిచే వాడించి చూచినచో లోపములలో సుమారు 85 శాతము బయటపడునని 2000లో లెక్కకట్టి చూపెను. భిన్నమైన తరగతులవారున్నచో ప్రతి తరగతినుండియు కొందఱిని తీసికొనవలెననియు ఆయనయే చెప్పెను. ఇంటిపనివారు, డ్రైవర్లు, తోటపనివారు, కాపరులు, అమ్‌ఘరా పాత ఇనుప సామాను యార్డులలోని కూలీలు, ఒక్కొక్క వర్గమునుండి నలుగురైదుగురు చాలును. వారు తమ అభిప్రాయమును వ్రాయనక్కఱలేదు. వాట్సాప్‌లోనో, ఐఎంఓలోనో తమ మాటలో చెప్పి పంపినచో, వినుటకు కడప మాటయు గోదావరి మాటయు తెలిసినవారు తమ వద్ద నుండిన చాలును.

ఈ దేశపు యాప్‌ల అనుభవమును తమరు పరిశీలింపవచ్చును. కువైట్ ప్రభుత్వము 2021 సెప్టెంబరులో వెలువరించిన ‘సహ్ల్’ యాప్ ఎంతో ప్రయోజనకరమైనది, ప్రశంసింపదగినది. అయితే అది తొలుత అరబ్బీలో మాత్రమే యుండి, ఆంగ్లమున లభించుటకు మూడేండ్లు పట్టినది. ఆ మూడేండ్లును అరబ్బీ రాని కార్మికుడు తన వ్యవహారమును చూచుకొనుటకు తన ఫోనును ఇంకొకరి చేతిలో పెట్టవలసివచ్చినది. 2025 జులై 1 నుండి ప్రైవేటు రంగపు ప్రవాసి స్వదేశమునకు పోవలెనన్నను యజమాని ఆమోదించిన నిష్క్రమణ అనుమతిని ఆన్‌లైన్‌లో పొందవలెను. ఫోనులోని ఒక తెఱ విమానమునకును మనుష్యునకును నడుమ నిలుచు కాలమున, ఆ తెఱ ఎవరికి అర్థమగుచున్నదో ముందుగా కనుగొనుట సౌకర్యపు విషయము మాత్రమే కాదు. 2020లో, కోవిడ్ కాలమున, నిర్బంధములో నున్నవారి ఉనికిని కనిపెట్టుటకు ఈ దేశము వాడిన ‘శ్లోనిక్’ యాప్‌ను ఆ సంవత్సరము జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బహ్రెయిన్, నార్వే దేశముల యాప్‌లతో పాటు వ్యక్తిగోప్యతకు మిక్కిలి ప్రమాదకరమైనవానిలో చేర్చినది. ఆ కాలమును చూచినవారు లొకేషన్ అనుమతి కోరు ఏ యాప్‌నైనను అనుమానముతో చూచుట సహజము. అనుమతి ఎందులకో తెలుగులో, ఒక్క వాక్యమున, ముందుగా చెప్పవలెను. చెప్పినది వారికి బోధపడినదా లేదా యనునదియు పరీక్షింపవలసిన అంశమే.

ఇంటిలో పనిచేయు స్త్రీ ఫోను ఆమెది మాత్రమే కాదు. కొన్ని ఇండ్లలో దానిని యజమానులు అడిగి చూచెదరు. 2015 నాటి 68వ చట్టము గృహకార్మికుల పాస్‌పోర్టును యజమాని ఉంచుకొనరాదని, వారమున కొకదినము విశ్రాంతి ఈయవలెనని శాసించినది. చట్టము ప్రతి ఇంటి గడపయు దాటినదని చెప్పలేము. అట్టి ఇంట ‘ఫిర్యాదు’ అను పేరుతో మెఱయు గుర్తు తెఱపై నుండుటయే ఆమెకు కీడు. పరీక్షకు ఒప్పుకొన్న స్త్రీకి ఇట్టి ప్రమాదము రాకుండ గుర్తును, పేరును, వచ్చు సందేశములను మొదట సరిచూచి, ఆమె వలదన్న క్షణముననే సమస్తమును తుడిచివేయు వీలు కల్పింపవలెను.

దీనికంటె గంభీరమైన విషయము మఱియొకటి యున్నది. దానిని తమరు నిర్లక్ష్యము చేయరని నమ్మెదను. ఆపద బటన్ గల యాప్‌ను పరీక్షించుచున్న దినములలో, నిజముగా ఆపదలో నున్న మనుష్యుడు ఆ బటన్ నొక్కినచో ఏమగును? పరీక్షా ప్రతి యని సర్వరు దానిని ప్రక్కన పెట్టును, పరీక్షా పిలుపేనని ఉద్యోగి ఉపేక్షించును. నొక్కినవాడో, తన మొఱ చేరినదని ఎదురుచూచుచుండును. మాకు బీటా అనియు విడుదల యనియు భేదము తెలియదు. ఫోనులో నున్నది ప్రభుత్వమువారి యాప్, అంతే. కావున పరీక్ష జరుగు దినములన్నిటను, రాత్రింబవళ్ళు, ప్రతి పిలుపును నిజమేనని స్వీకరించు మనిషి యొకడు తప్పక యుండవలెను. అట్టి మనిషిని నియమింపలేనిచో ఆ బటన్‌ను పరీక్షా ప్రతిలో పెట్టవలదు.

పరీక్షకులకు ప్రతిఫలము ఈయవలెను. 2016లో గృహకార్మికులకు ఈ దేశము నిర్ణయించిన కనీస వేతనము నెలకు 60 దినారులు. అందులోనుండి డేటాకు పెట్టు సొమ్ము ఇంటికి పంపవలసిన సొమ్మే. సేవాభావమును వారినుండి ఆశింపుడు గాని ఖర్చును ఆశింపవలదు. రంజాన్ మాసమున పరీక్ష పెట్టవలదు, ఆ నెల వంటయింటి పని రెట్టింపగును. ఒక్క రెండు వారములతో ముగింపక, వేసవిలో కొన్ని దినములు, చలికాలమున కొన్ని దినములు జరుపుడు. లోపములు సరిదిద్దిన ప్రతిని అదే మనుష్యులకు మరల చూపుడు. తాను చెప్పిన మాటవలన బటన్ స్థలము మాఱినదని చూచినవాడు రెండవమాఱు సంకోచింపక మాటాడును. ఆ తరువాత కూడ ఒక్కమాఱుగా కాక, మొదట జహ్రాకు, పిదప కువైట్ అంతటికిని, ఆ పైని గల్ఫ్ దేశములన్నిటికిని వదలుడు. ప్రారంభోత్సవపు తేదీ ఇవన్నియు ముగిసిన పిమ్మట నిర్ణయింపుడు.

ఇచట మనుష్యులను కూర్చుటకు, వారు పనిచేయు చోటులకు తీసికొనిపోవుటకు, శుక్రవారములందు వారితో కూర్చుండుటకు నేనును నా మిత్రులును సిద్ధముగా నున్నాము; దీనికై మాకు పదవియు పారితోషికమును అక్కఱలేదు. తాము పంపవలసినది యాప్ పరీక్షా ప్రతిని, దానితోపాటు ఆ యాప్‌ను వ్రాసినవారిలో ఇద్దఱిని.

ఇట్లు,
జహ్రాలో నివసించు ఒక తెలుగువాడు